దీవివాళ్ళ పడవ

గుమ్మం ముందు నిలబడ్డ పరాయి ఆడమనిషి మంగాయమ్మ కేసి చూసి, రెండు చేతులూ గుండెలకు ఆనించుకుని, "ఏటిరా, బాగున్నావురా?" అంది.

చేపకు పొలుసు తీస్తున్న మంగాయమ్మ కత్తి ఆపి తల ఎత్తింది. పెళ్ళీడు దాటి ఇన్నేళ్ళయ్యాక తనని 'ఒరే' అన్నవాళ్ళు లేరు. మనిషి చూస్తే తెలుగుది కాదు. నల్లటి వదులు పైజామా, మోకాళ్ళ దాకా చొక్కా, తల మీద ముసుగు. బర్మాదీ కాదు. వెనకాల ఓ పాతికేళ్ళ మగాడు, నెత్తిన టోపీ, ఎండకి మాడిన మొహం. ఇద్దరి కాళ్ళూ మోకాళ్ళ దాకా దుమ్ము కొట్టుకుపోయి ఉన్నాయి.

"ఎవురు నువ్వు?" అంది మంగాయమ్మ.

"నాను సలేహా. ఈడు ఉసుమాను, మా తమ్ముడు. దేముడు ఇల్లు ఇదేనేటిరా?"

"ఇదే. దేముడితో నీకేటి పని?"

ఆ మనిషి కాసేపు మాటలు వెతుక్కుంది. తర్వాత, పాఠం అప్పజెప్పినట్టు, ఒక్కో మాటా విడదీసి చెప్పింది. "నాను దేముడి పెళ్ళాన్ని."

చేతిలో ఉన్న చేపని మంగాయమ్మ ఆవిడ మొహాన విసిరికొట్టింది. చేప భుజానికి తగిలి మట్టిలో పడింది. "నోరు ముయ్యే! నా గుమ్మంలో నిలబడి ఏటి కూత కూస్తన్నావే!" అని చీపురు అందుకుంది. ఆ అరుపుకి పక్కింటి బర్మా ముసలమ్మ డా మ్యా నోట్లో చుట్టతో సహా బయటికి వచ్చింది. టోపీ కుర్రాడు అక్కకి అడ్డం వచ్చాడు. సలేహా మాత్రం కదల్లేదు. వంగి, ఆ చేపని తీసి, దుమ్ము దులిపి, తట్టలో పెట్టింది.

చీపురు ఎత్తిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. మంగాయమ్మ చీపురు పక్కన పడేసి గడప మీద కూచుంది. అబద్ధాలాడే ఆడవాళ్ళని పజన్‌డౌంగ్ బియ్యం మిల్లుల్లో ఎంతమందిని చూడలేదు! ఇది అబద్ధం కాదని ఆవిడ మాటే చెబుతోంది. ఆ 'ఏటిరా' భీమిలి పక్క పల్లెది. ఆ సాగదీత దేముడిది. దేముడి గొంతు ఎవరో ఆడదాని నోట్లోంచి వచ్చినట్టుంది.

సలేహా ఎదురుగా గొంతుక్కూచుని, మెల్లగా ఆవిడ మోకాలి మీద చెయ్యి వేసింది. "ఆకలేస్తందేటే? కూసోయే. నానున్నాను కదే" అంది.

మంగాయమ్మ ఆ చేతిని విసిరికొట్టింది. "ఆ మాటలు నీకెవురు నేర్పినారు?"

"దేముడు. నాకు జొరం వొస్తే అనేవోడు."

రంగూన్ వచ్చిన కొత్తలో మంగాయమ్మకి చలిజ్వరం తగిలి మూడు వారాలు మంచం పట్టినప్పుడు దేముడు అన్నది ఒక్కటే మాట. 'మిల్లుకి ఎప్పుడెల్తావు?' ఇప్పుడు ఆ కోపం ఎవరి మీదకి తిప్పాలో ఆవిడకి తెలియలేదు.

పెళ్ళయిన మరుసటేడే మొగుడూ పెళ్ళాలిద్దరూ, రంగం అని మనవాళ్ళు పిలిచే రంగూన్‌కి వచ్చారు. మంగాయమ్మ మిల్లులో చేరింది. దేముడు రేవులో మూటలు మోసి, ఆ తర్వాత ఓడలో బొగ్గు వేసే పనికి కుదిరాడు. ఓడ వెళ్ళింది. మనిషి రాలేదు. ఆరేళ్ళు మంగాయమ్మ మిల్లులో తవుడు బస్తాలు కుట్టి బతికింది. పోయాడనుకో, గాజులు తీసెయ్యి అన్నారు కులపోళ్ళు. తియ్యలేదు. అలాంటిది ఓ రోజు పొద్దున్నే కాలువలోకి తెరచాప దించుకుంటూ ఓ పెద్ద పడవ వచ్చింది. దాని నిండా వక్కలు. చుక్కాని దగ్గర దేముడు. 'ఆరేళ్ళు ఓడల్లో ఎముకలరగదీసి కొన్నానే' అన్నాడు. ఆవిడ పడవ ముక్కుకి పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి, గంగమ్మ అని పేరు పెట్టింది. మిల్లు మానేసింది. రెండేళ్ళుగా నది అవతలి తన్లిన్ నుంచి పజన్‌డౌంగ్ దాకా సరుకు చేరవేస్తూ ఆ పడవే వాళ్ళకి అన్నం పెడుతోంది. వీధిలో ఆవిడని 'పడవోరి మంగాయమ్మ' అంటారు. అలా అన్నప్పుడల్లా ఆవిడ ఏ పని మీద ఉన్నా తిరిగి చూసేది.

"ఏటి కావాలి నీకు? మొగుడు కావాలా? తీసుకుపో" అంది పళ్ళు కొరుకుతూ.

సలేహా తల అడ్డంగా ఊపింది. "మొగుడొద్దు. పడవ."

"ఏ పడవ?"

ఉసుమాను చెయ్యెత్తి కాలువ వైపు చూపించాడు. వాడికి తెలుగు రాదు. అయినా వాడి వేలు గంగమ్మ తెరకొయ్యని సూటిగా చూపిస్తోంది.

తర్వాత సలేహా చెప్పింది. పొద్దున రేవులో పడవని ఆనవాలు పట్టి, దాని మనిషి ఇల్లు అడుగుతూ వచ్చారట. మధ్యమధ్య మాట దొరక్క చేతులు తిప్పింది, నేల మీద గీతలు గీసింది. సుమత్రా కొసన సబాంగు అనే రేవుంది, అక్కడ ఓడలు బొగ్గు ఎక్కించుకుంటాయి. జ్వరంతో పడి ఉన్న దేముణ్ణి ఓడవాళ్ళు ఆ రేవులో దింపేసి పోయారు. బొగ్గు గుట్టల మీద మేస్త్రీ కొట్టే దెబ్బలకి తాళలేక వాడు పారిపోయి, వక్కలు అమ్ముకుని వెనక్కి పోతున్న వీళ్ళ పడవలో దాక్కున్నాడు. వీళ్ళది ఇంకా అవతల చిన్న దీవి. ఒక్కటే ఊరు.

"మా అమ్మ కూడెట్టింది. బతికినాడు. మా పేరెట్టుకున్నాడు, మా దండం నేర్చుకున్నాడు. నన్ను సేసుకున్నాడు. మా ఊళ్ళో ఇల్లు ఆడోళ్ళదిరా. పెళ్ళాన్ని పో రుమో అంటారు, ఇల్లుగలామె అని. మగోడు బట్టల మూటతో వొస్తాడు. దేముడికి మూట కూడా నేదు. పరవానేదన్నాం."

"పడవ ఎవురిది?" అంది మంగాయమ్మ.

"ఊరిది. ఒక ఇల్లు మానిచ్చింది, ఒక ఇల్లు సాప. మా అమ్మ తాళ్ళు పేనింది. ఊరికి ఒక్కటే. ఉప్పుకి ఎల్లాలన్నా అదే, బట్టకి ఎల్లాలన్నా అదే. దేముడు సెప్పినాడు, రంగంలో వక్కలకి గిరాకీ, నాకు తెలుసు, నాను తీసుకెల్తాను అని. ఊరోళ్ళు ఇచ్చినారు. ఉసుమాను, ఇంకోడు తోడు ఎల్లినారు. ఈ ఊరొచ్చినాక దేముడు అన్నాడు, మీరు బజారుకెల్లి బేరం సూడండి. ఎల్లినారు. తిరిగొస్తే పడవ నేదు. రేవులో అక్కడ నేదు, ఇక్కడ నేదు." ఆవిడ ఆగింది. "ఈల్లిద్దరూ ఇల్లు సేరటానికి ఏడాది పట్టింది. అడుక్కుని వొచ్చినారు."

ఉసుమాను తల దించుకున్నాడు. అక్క చెబుతున్నది తన గురించేనని వాడికి తెలిసింది.

"మా అక్కకి పురుడొచ్చింది" అంది సలేహా. "బిడ్డ అడ్డం తిరిగింది. సబాంగులో డాకటేరు ఉన్నాడు. ఒడ్డు దాకా మోసుకెల్లినాం. పడవ నేదు. ఒడ్డు మీదే నిలబడ్డాం, ఎవురి పడవైనా రాదా అని సూస్తా. అక్క నన్నే అడగతంది, పడవొచ్చిందా, పడవొచ్చిందా అని." ఆ తర్వాత చెప్పడానికి దేముడు నేర్పిన మాటలు సరిపోలేదు. రెండు అరచేతులూ నేలకి బోర్లించింది.

మంగాయమ్మ జాలరి పిల్ల. తండ్రి పల్లెలో ఎవడైనా ఇంకొకడి తెప్ప మీద చెయ్యి వేస్తే వాడికి నిప్పూ నీళ్ళూ ఆపేసేవారు. మొగుణ్ణి పోగొట్టుకున్నవాళ్ళు మళ్ళీ బతకవచ్చు, తెప్ప పోతే ఇల్లే మునుగుతుందని తండ్రి అనేవాడు. ఆ పల్లెలోనే పుట్టిన దేముడు ఒక ఊరికి ఊరినే ఒడ్డున నిలబెట్టి వచ్చాడు. ఆ పడవకి తను పసుపు రాసింది. రెండేళ్ళుగా తను తిన్నది ఆ ఊరి అన్నం.

మధ్యాహ్నం దేముడు భోజనానికి వచ్చాడు. సందు మలుపులో టోపీ కుర్రాణ్ణి చూసి అడుగు ఆపాడు. ఆ ఆగడం మంగాయమ్మ చూసింది. మరుక్షణంలో సర్దుకుని, మీసం దువ్వుకుంటూ వచ్చాడు.

"ఎవురే ఈల్లు? ముష్టోల్లకి పీటలేసి కూసోబెట్టినావేటి?"

"నీకు తెల్దా?"

"నాకేటి తెల్సు? గంగమ్మ తోడు, ఈల్ల మొకం నానెప్పుడూ సూడనేదు."

సలేహా లేచింది. వాళ్ళ భాషలో, గొంతు పెంచకుండా, నాలుగు మాటలు అంది. అవి ఏం మాటలో గానీ దేముడి మొహం నల్లబడింది. వెంటనే అదే భాషలో, అంతకు రెట్టింపు వేగంగా, చెయ్యెత్తి మీద మీదకి వెళుతూ అరిచాడు. అరిచి, సగంలో తెలుసుకుని, నోరు మూసుకున్నాడు.

సందులో అందరూ చూస్తున్నారు. డా మ్యా నోట్లోంచి చుట్ట తీసి ఉమ్మింది.

"తెల్దన్నావు" అంది మంగాయమ్మ. "మరి ఆ బాస ఏటి? కలలో నేర్చుకున్నావేటి?"

"లోపలికి నడు. అన్నం వడ్డించు."

"నీకు నా సేత్తో అన్నం నేదు. పడవ ఎవురిదో సెప్పు."

దేముడు ఆవిడ చెంప మీద ఒక్కటి కొట్టి వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. మంగాయమ్మ ఏడవలేదు. చెంప తడుముకోనూ లేదు.

ఆ ఆదివారం మింగళ తౌంగ్‌న్యున్‌ పేటలో కూర్మనాథం వరండాలో కులపెద్దలు కూచున్నారు. కూర్మనాథం రేవు మేస్త్రీ, పెద్ద మనిషి. దేముడి పడవ మీద పనిచేసే ఇద్దరూ ఆయన మేనల్లుళ్ళు. ఆడవాళ్ళని అరుగు కింద నిలబడమన్నారు. మంగాయమ్మ అక్కణ్ణించే చెప్పింది. చెప్పినంతసేపూ పెద్దలు తమలపాకులు నములుతూ విన్నారు. దేముడు ఓ స్తంభానికి ఆనుకుని నేల చూపులు చూస్తూ కూచున్నాడు.

కూర్మనాథం గొంతు సవరించుకున్నాడు. "సూడమ్మా, ఆరేల్లు పరదేశంలో మగోడు ఒంటిగా ఉంటాడేటి? ఇంకో ఆడదాన్ని సేరదీసినాడు. అది మన కులంలో కొత్తేటి కాదు. నిన్ను ఒగ్గీనేదు కదా? ఆడు ఆ మతంలో కలిసిన మాట బయటికి రాకుండా సూసుకుందాం. ఇంక దాన్ని ఒగ్గీయ్."

"నాను ఆడదాని సంగతి అడగనేదు మావా. పడవ సంగతి అడిగినాను."

"పడవ దేముడిది. రేవులో అందరికీ తెల్సు."

"అది దొంగ పడవ అని ఇప్పుడు మీకందరికీ తెల్సు."

ఆయన మీసాలు కదిలాయి. "ఏ దీవులోల్లో వొచ్చి అది మాదంటే ఇచ్చీడమేనా? రేపు ఇంకోడొచ్చి నా ఇల్లు ఆడిదంటాడు. అంత గట్టిగా ఉంటే చౌక్తడాలో కోర్టుంది, ఎల్లమను. ఆ గుమస్తాలకి ఏ బాసలో సెప్పుకుంటాదో సూద్దాం." పక్కనున్నవాళ్ళు నవ్వారు.

"మన పల్లిలో తెప్ప దొంగకి ఏటి సేసేవోరు మావా? నువ్వే సెప్పు. మీ నాయనే కదా పెద్ద."

"అది పల్లి. ఇది రంగం."

మంగాయమ్మకి కళ్ళు మండాయి. "రంగంలో అయితే దొంగతనం దొంగతనం కాదేటి? సముద్రం దాటితే పాపం నానిపోద్దేటి?" అంది. ఆడదాని గొంతు అంత పైకి లేవడం ఆ వరండా ఎప్పుడూ వినలేదు. 'దీన్ని తీసుకుపోరా' అని కూర్మనాథం దేముడి మీద అరిచాడు. దేముడు లేచేలోపే ఆవిడ వీధిలోకి వచ్చేసింది.

సలేహా, ఉసుమాను వీధి మొగలో నిలబడి ఉన్నారు. లోపల ఏం జరిగిందో ఆవిడ మొహం చూసి తెలుసుకున్నారు.

"మీ తమ్ముణ్ణి అడుగు" అంది మంగాయమ్మ నడుస్తూనే. "ఈ గాలికి పడవ మీ ఊరెల్తాదా?"

అడిగి చెప్పింది సలేహా. పుష్యమాసం గాలి ఉత్తరం నుంచి దిగుతోంది, ఇదే వెళ్ళే కాలం. వాళ్ళు దిగిన సత్రంలో పక్క దీవులనుంచి వచ్చిన వక్కల పడవల వాళ్ళు ఇద్దరున్నారు. ఇంటికి పోవడానికి దారి చూస్తున్నారు.

"రేపు మద్దినేళ పోటు నీరు వెనక్కి తీస్తాది. ఆల్లిద్దరినీ తీసుకుని రేవుకి రండి. నీళ్ళ కుండలు నాను తెస్తాను" అంది. సలేహా ఏదో అనబోతే, "ఏటీ సెప్పకు. రమ్మంటే రా" అని కసిరింది.

మర్నాడు గంగమ్మ ఖాళీగా ఉంది. పొద్దుట తెచ్చిన సరుకు దింపేశారు. కూర్మనాథం మేనల్లుళ్ళిద్దరూ ఒడ్డున కూచుని గంజన్నం తింటున్నారు. మంగాయమ్మ నెత్తి మీద కుండతో, నడుముకి చేపల కత్తితో వచ్చి, ఒడ్డుకీ పడవకీ వేసిన బల్ల మీంచి పడవెక్కింది. వెనకాలే డా మ్యా ఇంకో కుండ మోసుకొచ్చింది. ఎవరూ పిలవలేదు ఆవిడని.

"ఏటి పిన్నీ ఇది?" అన్నాడు పెద్దవాడు చెయ్యి కడుక్కోకుండానే లేచి.

"కూసుని తినండి బాబూ. ఈ పడవ మీద మీ పని అయిపోయింది."

దీవివాళ్ళు నలుగురూ వచ్చారు. ఉసుమాను పడవలోకి అడుగు పెట్టి, వంగి, చెక్కని అరచేత్తో తాకి, ఆ చెయ్యి నుదుటికి తెచ్చుకున్నాడు. ఆ తర్వాత ఒక్క క్షణం వృథా చెయ్యలేదు. తెరచాప తాళ్ళు విప్పడం మొదలెట్టాడు.

చిన్నవాడు పరిగెత్తి కబురు చెప్పినట్టున్నాడు. దేముడు పంచె ఎగ్గట్టుకుని వచ్చాడు. అప్పటికి ఒడ్డంతా జనం. మన తెలుగువాళ్ళు, చిట్టగాంగు పడవవాళ్ళు, మిల్లు కూలీలు.

"దిగే! దిగుతావా, నరకమంటావా!"

మంగాయమ్మ బల్ల మీద కత్తి పట్టుకుని నిలబడింది. "రా. ఎక్కు."

దేముడు ఎక్కలేదు. "పోలీసుల్ని పిలుస్తాను!"

"పిలు. పడవ ఎక్కడ కొన్నావో అడుగుతారు. ఎవుడు అమ్మినాడో అడుగుతారు. సెప్పు. నాకూ ఇనాలనుంది."

దేముడు చుట్టూ చూశాడు. మేనల్లుళ్ళు అన్నం చట్టి వైపు చూస్తున్నారు. తెలుగు పడవవాళ్ళలో ఒక్కడూ ముందుకి రాలేదు. కూర్మనాథం వరండాలో నవ్వినవాళ్ళు కూడా అక్కడున్నారు. ఇక్కడ నీళ్ళ పక్కన, పడవల మధ్య, వాళ్ళకి నవ్వు రాలేదు.

దేముడి గొంతు మారింది. "మంగీ, నీకోసమే తెచ్చానే. ఆరేల్లూ నిన్నే తలుసుకున్నాను. వొట్టి సేతుల్తో నీ ముందుకి ఎలగ రాను? నిన్ను ఆ మిల్లులోంచి లాగాలనే కదే, నీకోసమే కదే ఆ పాపం..."

మంగాయమ్మ కట్టుతాడు దగ్గరికి వంగింది. "నాకోసమా? నాను అడిగినానా నిన్ను? ఆరేల్లు నా ఎముకలు నాను అరగదీసుకున్నాను. ఒకలిది ఒక్క గింజ తిన్నేదు. ఒడ్డు మీద పేనం పోయిన ఆ ఆడకూతురి ఉసురు నాకెందికి అంటగట్టినావురా? నువ్వు దొంగవి, పోనీ. నా పేరెట్టి దొంగతనం సేస్తావా? నన్నూ నీతోపాటు దొంగని సేస్తావా?" అని ఒక్క వేటుకి కట్టుతాడు తెగ్గొట్టింది.

పడవ ఒడ్డు నుంచి జరిగింది. బురదలో ముక్కు ఇరుక్కుంటే, చిట్టగాంగు ముసలాయన ఒకడు ఎవరితోనూ మాటాడకుండా వచ్చి వెదురు గడ పెట్టి తోశాడు. మంగాయమ్మ బల్ల మీంచి మోకాలి లోతు నీళ్ళలోకి దిగింది.

సలేహా పడవ అంచు మీంచి వంగి ఆవిడ మణికట్టు పట్టుకుంది. "నువ్వూ రా. మా ఊరు రా. మా అమ్మ నీకు ఇల్లిస్తాది. అక్క ఇల్లు ఖాళీ. నీ ఇల్లే, మగోడి ఇల్లు కాదు."

"ఒగ్గు నా సెయ్యి" అంది మంగాయమ్మ. "నీ మీద పేమ పుట్టి సేసినాననుకున్నావేటి? నీ మొకం సూస్తే నా ఒళ్ళు మండతంది. నీకు జొరం వొస్తే పక్కన కూసున్నాడట. పో. బేగి పో, నీరు తీస్తంది."

సలేహా ఆవిడ కళ్ళలోకి చూసింది. అర్థమైందో లేదో, చెయ్యి మాత్రం వదల్లేదు. పడవ లాగేదాకా పట్టుకుని, చివరికి వేళ్ళు జారాక, "సరేరా" అంది.

కాలువ మలుపులో తెరచాప ఎత్తారు. మంగాయమ్మ నీళ్ళలోంచి బయటికి వచ్చి చీర పిండుకుంది. జనం దారి ఇచ్చారు.

వారం తిరక్కుండా కూర్మనాథం కులం తీర్పు చెప్పించాడు. మొగుడి ఆస్తి పరాయివాళ్ళకి ధారపోసిన ఆడది కాబట్టి మంగాయమ్మకి నిప్పూ నీళ్ళూ ఇవ్వకూడదన్నారు. తెప్ప దొంగకి వేసే శిక్ష ఆవిడకి వేశారు. కబురు చెప్పడానికి వచ్చినవాడితో ఆవిడ, "ఆ శిక్ష మీకు గుర్తుందన్నమాట" అంది. నిప్పు డా మ్యా పొయ్యిలోంచి తెచ్చుకుంది. మళ్ళీ మిల్లులో చేరింది. మిల్లు వెనకాల కూలీ లైన్లలో ఓ గది దొరికితే అక్కడికి మారింది.

దేముణ్ణి మాత్రం ఎవరూ వెలెయ్యలేదు. వెలెయ్యకుండానే వాడితో మాటలు తగ్గించారు. పడవ లేనివాడికి రేవులో ఏం మర్యాద ఉంటుంది? కొన్నాళ్ళు మూటలు మోశాడు. ఓ సాయంత్రం మిల్లు గేటు దగ్గర బట్టల మూటతో నిలబడి ఉన్నాడు. తవుడు దుమ్ముతో తెల్లగా బయటికి వచ్చిన మంగాయమ్మకి ఎదురు వచ్చాడు.

"అద్దిల్లు కాలీ సేయించీసినారు. నాను ఎక్కడికెల్లనే?" అన్నాడు.

"ఆ దీవికే ఎల్లు. మూటతో వొచ్చిన మగోడిని ఆల్లు లోపలికి రానిస్తారట. ఎల్లి, ఆ ఒడ్డు మీద నిలబడి, నాను సేసింది ఇదీ అని ఊరందరికీ సెప్పు. ఆ తరవాత ఆల్లు ఏటి సేస్తే అది సేస్తారు."

"సంపేస్తారే."

"ఏమో. నాకు తెల్దు."

ఆవిడ వాణ్ణి దాటి వెళ్ళిపోయింది. తర్వాత వాడు మళ్ళీ ఏదో ఓడలో బొగ్గు పనికి ఎక్కాడని విన్నారు. ఏ ఓడో, ఏ దిక్కుకో ఎవరూ సరిగ్గా చెప్పలేదు. ఆవిడ అడగలేదు కూడా.

కోపం తగ్గుతుందనుకుంది మంగాయమ్మ. తగ్గలేదు. బస్తా కుడుతూ దబ్బనం గట్టిగా గుచ్చేది. పక్కన కుట్టే ఆడవాళ్ళు, "ఎవురి మీదే అంత కసి?" అని నవ్వేవారు. ఒక రోజు దేముడి మీద. ఒక రోజు కూర్మనాథం మీద. కొన్ని రోజులు, జ్వరం వస్తే పక్కన మనిషి ఉన్న ఆ దీవి ఆడదాని మీద. ఇంటికి వచ్చి, ఒంటి మీద దుమ్ము కడుక్కుని, తను కొన్న బియ్యం తను వండుకుని తినేది.